వేలు దూరేంత సందు

పదకొండున్నర. వాషింగ్ మెషీన్ ఆఖరి స్పిన్‌కి వచ్చింది, నేను డైరీకి వచ్చాను. మళ్లీ ఆ యూటిలిటీ గది తలుపేనా అని విసుక్కోకండి. ఆ తలుపే. మెషీన్, ఫ్రిజ్, మిక్సీల మోత ఇంట్లోకి రాకుండా తలుపు చుట్టూ రబ్బరు పట్టీలన్నీ అతికించాక ఇవాళ కాగితం పరీక్ష పెట్టాను. తలుపుకీ రబ్బరుకీ మధ్య కాగితం ముక్క పెట్టి, తలుపు మూసి, లాగి చూడటం. పదకొండు చోట్ల బిగుసుకుపోయింది. పన్నెండోది, తాళం వైపు కింది మూల. అక్కడ కాగితం ఏ తకరారూ లేకుండా చేతిలోకి వచ్చేసింది. ఆ ఒక్క మూల నిద్ర పట్టనివ్వడం లేదు.

ముందు కడుపులో ఉన్న కోపం కక్కేస్తాను. తలుపుకి గుడ్ల అట్టలా గుంటలున్న ఫోమ్ పలకలు అంటించమని చెప్పేవాళ్ల మీద. ఎవరిని అడిగినా మొదటి మాట అదే. ఫోమ్ పని గదిలోపల ప్రతిధ్వనిని మింగడం. అవతలి గదికి పోయే మోతను ఆపాలంటే కావలసినవి రెండే: బరువు, గాలి చొరని అంచు. ఫోమ్‌లో రెండూ లేవు. ఆ పలకకి నోరు ఆనించి ఊదితే గాలి అటువైపు వస్తుంది. గాలి పోయే దారిలో మోత పోకుండా ఉంటుందా? 25 మి.మీ. పలక మిక్సీ కీచును కొంత మింగుతుందేమో గానీ, ఫ్రిజ్ గుర్రు దాన్ని లెక్కే చేయదు. 50 హెర్ట్జ్ కరెంటు మీద కంప్రెసర్ గుర్రు 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు. దాని ముందు అంగుళం స్పాంజి ఏపాటి? పైగా మామూలు ఫోమ్ నిప్పంటుకుంటే గుప్పున మండి విషపు పొగ కక్కుతుంది. మోటార్లు తిరిగే గది తలుపుకి ఎవరైనా కావాలని అంటిస్తారా దాన్ని? గుడ్ల అట్టల గురించి అసలు మాట్లాడను.

సరే. అసలు దొంగ తలుపు కింద సందు అని ఎప్పుడూ అంటుంటాను కదా. 800 మి.మీ. వెడల్పు తలుపు, కింద 12 మి.మీ. సందు. అంటే 96 చదరపు సెంటీమీటర్ల కన్నం, ఇంచుమించు అరచేయి పట్టేంత. మొత్తం తలుపులో నూటికి 0.6 వంతు. తలుపు ఉక్కుదైనా ఆ కన్నం ఉన్నంతవరకు 22 డెసిబెల్స్ (మోతను కొలిచే ప్రమాణం) మించి ఆపలేదు. అందుకే ముందు సందులు మూయాలి అంటాను. అంటాను అనడం కన్నా, సాయంత్రం దాకా అన్నాను అనాలి. ఎందుకో కిందికి వెళ్లాక చెప్తా.

పట్టీల్లో ఫోమ్ టేపు వద్దు. కొన్ని నెలలకే అణిగిపోయి మళ్లీ లేవదు. ఈపీడీఎమ్ అనే కృత్రిమ రబ్బరు తీసుకోవాలి. సందు 3 మి.మీ. లోపు ఉంటే అడ్డకోతలో ఇంగ్లిష్ E అక్షరంలా ఉండే పట్టీ, అంతకు మించితే P (పీ) లేదా D (డీ) ఆకారం. సందు ఎంతో గోళ్లతో అంచనా కట్టకుండా, బంకమట్టి ఉండను ద్వారబంధంలో తలుపు ఆనే గాడిలో పెట్టి తలుపు మూసి తీస్తే నలిగిన మందమే చెబుతుంది. అంటించే చోట స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. పట్టీని లాగి సాగదీస్తూ మాత్రం అంటించకూడదు. నాలుగు రోజుల్లో అది వెనక్కి ముడుచుకుని మూలల్లో సందు తెరుస్తుంది.

బందుల వైపు సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొదటిసారి మూడు వైపులా ఒకే మందం డీ పట్టీ వేశాను. తాళం వైపు మందమైన రబ్బరును నొక్కడానికి తలుపు వెడల్పంతా మీటలా పనికొస్తుంది. బందుల వైపు ఆ రబ్బరు ఇరుసు పక్కనే ఉంటుంది. అక్కడ ఇరుక్కున్న రబ్బరు, మూసిన ప్రతిసారీ బందునే ద్వారబంధంలోంచి పెకలిస్తుంది. తలుపు స్ప్రింగులా వెనక్కి తన్నేది. భుజంతో నెడితే గానీ గడియ పడేది కాదు. నెట్టాం. కొన్ని వారాలకు పై బందు స్క్రూలు వదులయ్యాయి, తలుపు 3 మి.మీ. వాలింది. తలుపు పైన, తాళం వైపు మూలలో వెలుతురు కనిపించింది. మోత ఆపడానికి వేసిన పట్టీ కొత్త సందు చేసిపెట్టిందన్నమాట. బందుల వైపు ఎప్పుడూ సన్న పట్టీయే. పై బందులో ఒక్క స్క్రూ అయినా 75 మి.మీ. పొడవుది వేసి, ద్వారబంధం దాటి గోడలోకి దిగేలా చూడాలి.

ఇక మాట మార్చిన సంగతి. సాయంత్రం కాగితం మీద లెక్క వేశాను. ఈ తలుపు బోలుది, లోపల అట్ట గూళ్లు, బరువు 12 కిలోలు. తలుపు చెక్క ఒక్కటే 20 డెసిబెల్స్ ఆపుతుందనుకుందాం. కింద సందుతో కలిపితే 18. సందు పూర్తిగా మూస్తే 20. ఇంత కష్టానికి 2 డెసిబెల్స్, చెవికి తేడా తెలిసీ తెలియనంత! పోనీ సందు వదిలేసి, 35 మి.మీ. సాలిడ్ కోర్ ఫ్లష్ డోర్, అంటే లోపల బోలు లేని నిండు తలుపు, 34 కిలోలది బిగిస్తే? చెక్క 29 దాకా ఆపుతుంది, సందుతో కలిపితే 21. రెండూ చేస్తే 29. విడివిడిగా రెండు, మూడు; కలిపితే పదకొండు. 10 డెసిబెల్స్ తగ్గితే మోత సగమైనట్టు వినిపిస్తుంది. కాబట్టి సందు ఒక్కటే దొంగ కాదు, బోలు తలుపూ తోడుదొంగే. ఇది ఉజ్జాయింపు లెక్కే, మిక్సీ కీచు లాంటి సన్నని మోత దగ్గర సందు మూసిన లాభం ఇంకాస్త ఎక్కువ వినిపిస్తుంది. అయినా ఇన్నాళ్లూ ఊరందరికీ సగం మాటే చెప్పాను.

బరువు కోసం పాత తలుపు మీదే పలక బిగిద్దామా అంటే బోలు తలుపులో స్క్రూ పట్టేది చుట్టూ ఉన్న సన్న కర్ర చట్రంలోనే. దానికన్నా తలుపు మార్చడమే నయం. మార్చినప్పుడు మూడో బందు తప్పదు. కింద డ్రాప్ సీల్ బిగించాలి. తలుపు మూయగానే బందుల వైపున్న మీట ద్వారబంధానికి తగిలి రబ్బరు నేలకు దిగుతుంది, తెరిస్తే లేస్తుంది. పొడవు కోయాల్సి వస్తే తాళం వైపే కోయాలి. మీట ఉన్న వైపు కోస్తే పని అక్కడితో సరి. ద్వారబంధానికీ గోడకీ మధ్య ఖాళీని కూడా చూడాలి. పైపట్టీ ఊడదీస్తే చాలాసార్లు లోపల ఏమీ ఉండదు. రాక్‌వూల్ (రాతి పీచు) కూరి, గట్టిపడని సీలెంట్‌తో మూయాలి.

గ్యాస్ గీజర్ లాంటి మండే వస్తువున్న గదికి మాత్రం ఇదంతా చేయకండి. దానికి గాలి కావాలి, తలుపు కింద సందే దాని ముక్కు కావచ్చు. గాలి బయటికి తోసే డ్రయర్ ఉన్నా అంతే, వేరే దారిలో గాలి వచ్చాకే మూయాలి.

ఇదిగో, స్పిన్ అందుకుంది. 1200 చుట్లు, అంటే సెకనుకు 20. ఈ అదురు తలుపులోంచి రావడం లేదు, పాదాల కింద నేలలోంచి వస్తోంది. దీనికి తలుపు ఏం చేస్తుంది పాపం. మెషీన్ కాళ్లు నాలుగూ నేలకు ఆని ఉన్నాయా, లాక్ నట్లు పైకి బిగించి ఉన్నాయా అని పొద్దున చూస్తాను.

మూల సంగతి తేలింది. రబ్బరు తప్పు కాదు, తలుపు మెలితిరిగింది. పైన తాకుతోంది, కింద 2 మి.మీ. ఎడంగా ఉంది. పై బందును గాడి ముఖానికి 1 మి.మీ. దూరం, కింది బందును 1 మి.మీ. దగ్గరగా జరిపితే కింది మూల లోపలికి వస్తుంది. పాత స్క్రూ కన్నాల్లో ముందు పుల్లలు, జిగురు కొట్టాలి, లేకపోతే స్క్రూ మళ్లీ పాత కన్నంలోకే జారుతుంది. జిగురు ఎండిపోయిందేమో చూడాలి. స్పిన్ ఆగింది. ఇప్పుడు ఫ్రిజ్ వినిపిస్తోంది.