‘ఒక’ కొట్టడానికి ఎన్ని మీటలు? కీబోర్డు కొన్న నా అనుభవం

అనువాదాలే నా బతుకుతెరువు. పని ఉన్న రోజున రెండు మూడు వేల తెలుగు మాటలు కొట్టాలి, మర్నాడు వాటిని దిద్దుకోవాలి. ఇన్నేళ్లూ లాప్‌టాప్ మీటల మీదే నెట్టుకొచ్చాను. కిందటి ఎండాకాలంలో కుడిచేతి చిటికెన వేలి దగ్గర మొదలైన నొప్పి మెల్లగా మణికట్టు దాకా పాకింది. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళితే ఆవిడ నాలుగు వ్యాయామాలు చెప్పి, నేను పనిచేసే బల్ల ఫొటో పంపమంది. చూసి, "లాప్‌టాప్‌ని ఎత్తు మీద పెట్టి, కీబోర్డు విడిగా కొనుక్కోండి. మెడ వంచుకుని, భుజాలు ముడుచుకుని కూర్చుంటే చేతులు ఏం చేస్తాయి పాపం!" అంది.

విడి కీబోర్డు అంటే అయిదారు వందలు పడేస్తే వచ్చేదే కదా అనుకుంటాం. కాస్త లోపలికి వెళ్లి చూస్తే అదో లోకం. రంగు రంగుల స్విచ్చులు, పూర్తి కీబోర్డులో అరవై శాతం, డెబ్బై అయిదు శాతం అంటూ సైజులు, వీడియోల మీద వీడియోలు. వాటిలో సగం ఆటలాడే కుర్రాళ్ల కోసం, మిగతా సగం రోజంతా ఇంగ్లిష్ కొట్టేవాళ్ల కోసం. తెలుగు కొట్టే చేతికి ఏది పనికొస్తుందో చెప్పినవాళ్లు నాకైతే కనబడలేదు. ఆ లెక్క నేనే వేసుకోవాల్సి వచ్చింది.

నేను కొట్టేది ఇన్‌స్క్రిప్ట్‌లో. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలకి ఖరారు చేసిన మీటల అమరిక అది. 1991లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ల ఐఎస్ 13194 ప్రమాణంలోనూ చేరింది. హిందీ ‘క’ ఏ మీట మీద ఉంటుందో తెలుగు ‘క’, కన్నడ ‘క’ కూడా ఆ మీట మీదే ఉంటాయి. గుణింతపు గుర్తులు దాదాపు అన్నీ ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి. ‘కి’ కొట్టాలంటే కుడి చేత్తో కె, ఎడమ చేత్తో ఎఫ్. అలవాటైతే చేతులు ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే కదులుతాయి, చాలా హాయి.

ఓ సాయంత్రం నా అనువాదంలోంచి ఒక పేజీ ముందు పెట్టుకుని, ఏ వేలు ఎక్కడికి పోతోందో చూస్తూ నింపాదిగా కొట్టాను. కుడి చిటికెన వేలి సంగతి అప్పుడు తెలిసింది. ఇంగ్లిష్‌లో ఆ వేలికి పెద్ద పని ఉండదు. సెమికోలన్, కొటేషన్, చదరపు బ్రాకెట్ లాంటివి ఎప్పుడో గానీ తగలవు. ఇన్‌స్క్రిప్ట్‌లో సెమికోలన్ మీద ‘చ’, దాని పక్కన కొటేషన్ మీద ‘ట’, బ్రాకెట్ మీద ‘డ’, పి మీద ‘జ’, స్లాష్ మీద ‘య’. ‘చెయ్యి’, ‘చేయడం’, ‘చూడటం’ లేని వాక్యం తెలుగులో ఎన్నాళ్లకి దొరుకుతుంది? అది చాలదన్నట్టు మాట మొదట్లో వచ్చే అచ్చులన్నీ, అంటే అ, ఆ, ఇ, ఈ, ఉ, షిఫ్ట్ పట్టి ఎడమ చేత్తో కొట్టాలి. ఆ షిఫ్ట్ పట్టేది కుడి చిటికెన వేలే. ఎంటర్, బ్యాక్‌స్పేస్ ఎటూ దాని వాటాకే. నొప్పి అక్కడే ఎందుకు మొదలైందో నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇంకోటి ‘ఒ’. ఎడమ పక్కన అన్నిటికంటే పైన, 1 అంకెకి ఇవతల, ఇంగ్లిష్ వాళ్లు ముట్టుకోని ఓ మీట ఉంటుంది, టిల్డా (~) గుర్తు ఉన్నది. ఇన్‌స్క్రిప్ట్ తెలుగులో ఒత్వం దాని మీదే. కొత్త, తొందర, పొద్దున, మొదలు, కొన్ని, రొట్టె అన్నిటికీ వేలు అక్కడికి పోవాల్సిందే. షిఫ్ట్ పట్టి కొడితే ‘ఒ’ వస్తుంది. ‘ఒక’ లేకుండా తెలుగులో ఓ పేరా రాయడం ఎవరి తరం?

ఈ రెండూ మనసులో పెట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్లాను. హైదరాబాద్ వాళ్లకి చెప్పక్కర్లేదు, కంప్యూటర్ సామాను అంటే మొదట గుర్తొచ్చే చోటు. కీబోర్డు మాత్రం ముట్టుకుని కొనాలన్నది నా పట్టు. ఆన్‌లైన్‌లో అయిదొందలు తక్కువకి వస్తుందేమో గానీ, మీట ఎంత బరువుగా దిగుతుందో ఫొటోలో కనబడదు కదా.

"గేమింగా మేడమ్, ఆఫీసా?" అన్నాడు కొట్లో అబ్బాయి.

"తెలుగు టైపింగు బాబూ."

"తెలుగుకి సెపరేట్ కీబోర్డ్ ఉండదు మేడమ్. ఏదైనా ఒకటే. ఇది చూడండి, బాగా పోతోంది" అంటూ అరచేతుల్లో పట్టేంత బుల్లిది, రంగుల దీపాలు వెలుగుతున్నది, ముందు పెట్టాడు. అరవై శాతం అంటారే, అది. 61 మీటలు. చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ ఒత్వం ఉండాల్సిన చోట ఎస్కేప్ కూర్చుంది. పై వరసలో ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉండే మీటలు తీసేశారు కాబట్టి ఎస్కేప్ కిందికి దిగి ఆ చోటు తీసుకుంది. టిల్డా ఎఫ్ఎన్ (ఇంకో మీటతో కలిపి నొక్కే మీట) వెనక్కి పోయింది. అంటే ‘కొ’ కి ఎఫ్ఎన్ పట్టాలి, ‘ఒ’ కి ఎఫ్ఎన్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాలి. అందులో ఎఫ్ఎన్ బదులు పొరపాటున పక్కనున్న కంట్రోల్ మీద వేలు పడితే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ‘ఒక ఊళ్లో’ అని మొదలుపెట్టబోతే అదీ పరిస్థితి!

అబ్బాయి తెలివైనవాడే. "సాఫ్ట్‌వేర్‌లో మార్చుకోవచ్చు మేడమ్, ఎస్కేప్ మీద టిల్డా పెట్టేయొచ్చు" అన్నాడు. నిజమే, ఆ సౌకర్యం ఉన్న మోడళ్లలో మార్చుకోవచ్చు. కానీ అందులో బాణం మీటలు కూడా విడిగా లేవు, డిలీట్ లేదు. దిద్దుబాటు చేసేవాళ్లకి అవి లేకపోతే ఎలా? నేను వాడే వర్డ్‌లో ‘స్త్రీ’ తర్వాత బ్యాక్‌స్పేస్ కొడితే గుడిదీర్ఘం ఒక్కటే పోయి ‘స్త్ర’ మిగులుతుంది. అదే ముందు నుంచి డిలీట్ కొడితే అక్షరం వత్తులతో సహా ఊడిపోతుంది. ఆ రెండింటి తేడా రోజంతా నా పనిలో పనికొస్తూనే ఉంటుంది. డిలీట్ కోసం ఎఫ్ఎన్ పట్టుకుని కూర్చోలేను.

అరవై అయిదు శాతానికి బాణాలున్నాయి గానీ ఎక్కువ వాటిలో ఒత్వం తిప్పలు అవే. డెబ్బై అయిదుకి పై వరస ఉంది, ఒత్వం తన చోట తనుంది. కాసేపు దాని మీద మనసు పోయింది. కానీ బాణాలు ఇరికించడానికి కుడి షిఫ్ట్‌ని కుదించేశారు. నాలుగు వాక్యాలు కొట్టి చూశాను. ‘అ’ కోసం షిఫ్ట్ మీదికి పోయిన వేలు పైబాణం మీద పడి, కర్సర్ పై లైనుకి ఎగిరిపోతోంది. ఇంగ్లిష్ వాళ్లకి కుడి షిఫ్ట్ పొట్టిదైనా సర్దుకోవచ్చు, చాలామంది ఎడమదే వాడతారు. అచ్చులన్నీ ఎడమ చేతి కింద ఉన్న నాకు అది కుదరదు.

నంబర్ ప్యాడ్‌తో సహా 104 మీటలు ఉండే పెద్దదాంట్లో అన్నీ ఉన్నాయి, అందులో సందేహం లేదు. కాకపోతే ఆ ప్యాడ్ వల్ల మౌస్ జానెడు అవతలికి పోతుంది, దాని కోసం కుడి భుజం మళ్లీ మళ్లీ చాపాలి. అకౌంట్లు రాసేవాళ్లు తప్పక తీసుకోవాల్సింది అదే. నాకు అంకెలతో పని తక్కువ. ప్యాడ్ ఒక్కటీ కోసేసి మిగతావి ఉన్నచోటే ఉంచిన 87 మీటల రకం, టీకేఎల్ అంటారు, దగ్గర ఆగాను.

ఇక స్విచ్చుల సంగతి. మామూలు చవక కీబోర్డుల్లో ప్రతి మీట కిందా రబ్బరు బుడగ ఉంటుంది. అది పూర్తిగా అణిగి అడుగున ఉన్న ప్లాస్టిక్ పొరలు కలిస్తేనే అక్షరం పడుతుంది. అంటే ప్రతిసారీ అడుగంటా నొక్కాలి. మెకానికల్ రకంలో ఒక్కో మీటకీ విడిగా స్ప్రింగు, స్విచ్చు. జర్మన్ కంపెనీ చెర్రీ చేసే ఎమ్ఎక్స్ రకాన్నే మిగతావాళ్లంతా కొలమానంగా పెట్టుకున్నారు. మీట మొత్తం నాలుగు మిల్లీమీటర్లు దిగుతుంది, సుమారు రెండు మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడిపోతుంది. వాటిలో రెడ్ అనే రకం మెత్తగా, అడ్డేమీ లేకుండా దిగుతుంది, సుమారు 45 గ్రాముల బరువు పెడితే చాలు. బ్రౌన్‌లో మధ్యలో చిన్న మెట్టులా వేలికి తగులుతుంది, 55 దాకా పడుతుంది. బ్లూకి 60, పైగా టిక్కుమనే చప్పుడు.

నా చెయ్యి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసైన చెయ్యి. మిషన్ మీద నేర్చుకున్నవాళ్లం మీటని నొక్కం, మోదుతాం. అందుకే టీవీఎస్ గోల్డ్ అనే మెకానికల్ కీబోర్డు మీద చేతులు పెట్టగానే ప్రాణం లేచొచ్చింది. ఆ చప్పుడు, ఆ గట్టితనం, అచ్చం పాత మిషన్! నేను చూసింది నంబర్ ప్యాడ్ ఉన్న పెద్దది, అదొక్కటే అడ్డం కాదు. మా ఇంట్లో రాత్రి పదకొండింటికి ఆ టకటక మొదలైతే పక్క గదిలో అత్తయ్యగారు లేచి కూర్చుంటారు. విడి గది ఉండి, చప్పుడుకి ఎవరూ ఏమీ అనని వాళ్లకైతే మాత్రం నిస్సంకోచంగా చెబుతాను, తీసుకోమని.

రెడ్ మీద వేలు ఆనించి ఆలోచించుకుందామంటే కుదరలేదు, బరువుకే అక్షరం పడిపోతోంది. అనువాదంలో ఆలోచించడమే సగం పని. బ్రౌన్‌లో ఆ చిన్న మెట్టు వేలికి ‘పడింది’ అని చెబుతుంది కాబట్టి అడుగు దాకా మోదే అలవాటు తగ్గుతుందనిపించింది. అది ఖాయం చేసుకున్నాను.

రెండు ముక్కలుగా విడిపోయే కీబోర్డుల గురించి కూడా ఓ మాట. భుజాలకి నిజంగా అవే మంచివి, హల్లులు కుడికి గుణింతాలు ఎడమకి ఉన్న ఇన్‌స్క్రిప్ట్‌కి అతికినట్టు సరిపోవాలి కూడా. కానీ ‘వ’ ఉండే బి మీట ఎడమ ముక్కకి పోతుంది. నేను దాన్ని ఎప్పుడూ కుడి చేత్తోనే కొడతాను. మార్చుకోవచ్చు. ఆ ధరలకి మాత్రం మార్చుకోబుద్ధి కాలేదు.

బ్లూటూత్ వద్దనుకుని వైరుదే తీసుకున్నాను. బల్ల మీంచి కదలని దానికి బ్యాటరీ గొడవ ఎందుకు? మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు కావాలా అని అడిగాడు. చూడకుండా కొట్టేవాళ్లకి అనవసరం, కొత్తగా నేర్చుకునేవాళ్లకి నెలా రెండు నెలలు పనికొస్తాయి. పీబీటీ ప్లాస్టిక్ మీటలున్న మోడల్‌నే ఎంచుకున్నాను, ఏబీఎస్ అయితే వాడగా వాడగా నున్నగా మెరుస్తాయి. ఇది గేమింగ్ కోసం చేసినది కావడంతో ఎఫ్ఎన్ పట్టి విండోస్ మీట నొక్కితే ఆ మీట పనిచేయడం ఆగిపోయే ఏర్పాటు ఒకటి ఉంది. ఆట మధ్యలో పొరపాటున నొక్కకుండా అట. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లిష్ నుంచి తెలుగుకి మారే మనలాంటి వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ‘భాష మారడం లేదు, కీబోర్డు పాడైంది’ అని వాపసు పట్టుకొచ్చిన వాళ్లున్నారని ఆ అబ్బాయే చెప్పి నవ్వాడు.

అన్నిటికంటే పనికొచ్చింది హాట్‌స్వాప్. టంకం ఊడదీయక్కర్లేకుండా, చిన్న పట్టకారుతో స్విచ్చుని పైకి లాగి ఇంకోటి నొక్కెయ్యొచ్చు. విడిగా రెడ్ స్విచ్చులు ఓ పది కొన్నాను. ఇంటికొచ్చి చ, ట, డ, జ, య మీటల కిందా, కుడి షిఫ్ట్ కిందా బ్రౌన్ తీసి రెడ్ పెట్టాను. చిటికెన వేలు ఊరికే ఆనించే వేలు కాదు, కొట్టి వెంటనే పోయేది, దానికి మెత్తన ఉంటేనే మేలు. మిగతా వేళ్ల కింద బ్రౌన్ అలాగే ఉంది. స్విచ్చు లాగేటప్పుడు నిలువుగా లాగాలి, పెట్టేటప్పుడు రెండు రాగి కాళ్లూ తిన్నగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. వంగిన కాలితో నొక్కేస్తే ఆ అక్షరం పడదు.

వెనక కాళ్లు మడిచేసే వాడుతున్నాను. కాళ్లు లేపితే మణికట్టు వెనక్కి వంగుతుందని ఫిజియోథెరపిస్టు మొదటి రోజే చెప్పింది. మెకానికల్‌ది ఎత్తుగా ఉంటుంది కాబట్టి ముందు ఓ చెక్క పలక పెట్టుకున్నాను, కొట్టేటప్పుడు కాదు, ఆగి ఆలోచించేటప్పుడు అరచేతులు ఆనించడానికి. పనిలో పనిగా కుర్చీ కూడా కాస్త ఎత్తు చేశాను.

నొప్పి పోయిందా అంటే, వ్యాయామాలూ దీనితో పాటే నడిచాయి కాబట్టి ఎంత పుణ్యం దేనిదో విడదీయలేను. సాయంత్రానికి వేలు బిగుసుకుపోవడం మాత్రం ఇప్పుడు లేదు.

తెలిసినవాళ్లు ఎవరైనా ఏ కీబోర్డు కొనమంటావని అడిగితే, ఏ అమరికలో కొడతారని ముందు అడుగుతున్నాను. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకి ఒత్వం బాధ లేదు, బుల్లిదైనా పర్లేదు. అను ఫాంట్లలో యాపిల్, మాడ్యులర్ అమరికలు వాడే డీటీపీ వాళ్ల లెక్క మళ్లీ వేరు, వాళ్లు ఓ పేజీ కొట్టి చూసుకుని వెళ్లడం మంచిది. ఇన్‌స్క్రిప్ట్ వాళ్లయితే 87కి తగ్గొద్దు. నా దాంట్లో ఇంకా తీరని చికాకు ఒకటుంది, స్పేస్ బార్ కొంచెం గలగలమంటుంది. లోపలి తీగకి గ్రీజు రాస్తే పోతుందట. చిన్న డబ్బా తెప్పించాను, ఈ పుస్తకం పని అయ్యాక విప్పాలి.