స్ప్రింగు మార్చే ముందు నాలుగు షాకులూ ఒక్కలా ఉన్నాయా చూడండి

కుడి మలుపు చక్కగా తిరిగిన రిమోట్ కంట్రోల్ రేసు బండి ఎడమ మలుపులో తోక విసురుతోందంటే చాలామంది చెయ్యి ముందుగా స్ప్రింగుల పెట్టె మీదికి పోతుంది. ఆ పెట్టె అలాగే ఉంచండి. నాలుగు షాకులూ (చక్రాల కుదుపును ఆపే నూనె గొట్టాలు) ఊడదీసి, స్ప్రింగులు తీసేసి, ముందువి రెండూ షాఫ్టు కొసలు ఎదురెదురుగా ఆనించి నెమ్మదిగా నొక్కండి. రెండూ సమానంగా లోపలికి పోవాలి, వదిలితే సమానంగా బయటికి రావాలి. ఒకటి దిగిపోయి రెండోది బిగుసుకుందంటే జబ్బు దొరికినట్టే. వెనక జతకూ ఇదే పరీక్ష. అసలు కారులో పదో వంతు సైజుండే 1/10 టూరింగ్ బండి బ్యాటరీ, బాడీతో కలిపినా కిలోన్నర ఉండదు. అంత తేలిక బండిలో ఒక షాకులో మిగిలిపోయిన గాలి బుడగ ఏ స్ప్రింగుకూ సర్దుకోదు.

షాకు నింపడం ఓపిక పని. పాత నూనె పారబోసి, లోపల గుడ్డతో తుడిచి, ఓ-రింగులు (నూనె కారకుండా షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు వలయాలు) వేలితో తడిమి చూడండి. ఉబ్బి మెత్తబడితే మార్చేయాలి, ఎందుకంటే ఉబ్బిన రింగు షాఫ్టును పట్టేస్తుంది, మెత్తటి స్ప్రింగు వేసినా బండి గట్టిగానే ఉంటుంది. షాఫ్టు కొసనున్న మరలు రింగును కోసేస్తాయి కాబట్టి వాటికి నూనె రాసి, తిప్పుతూ దూర్చండి. బాల్ ఎండ్ (షాఫ్టు కొసకు తగిలించే ప్లాస్టిక్ కీలు) బిగించేటప్పుడు షాఫ్టును ఉత్త కటింగ్ ప్లేయరుతో పట్టుకోవద్దు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పట్టుకోండి. కంటికి కనబడని గీత పడినా చాలు, నూనె అక్కడినుంచే కారుతుంది.

ఇక షాఫ్టు పూర్తిగా బయటికి లాగి, నూనె అంచుదాకా పోయండి. పిస్టన్ నూనెలోంచి పైకి తేలకుండా పది పదిహేనుసార్లు చాలా నెమ్మదిగా ఆడించండి. పిస్టన్ అడుగున అంటుకున్న గాలి ఆవగింజల్లాంటి బుడగలై, రంధ్రాల్లోంచి ఒక్కొక్కటే పైకి వస్తుంది. ఇక్కడ తొందరపడి గబగబా కొడితే నూనె నురగెత్తి తెల్లబడుతుంది, అది తేరుకోవడానికి అరగంట పడుతుంది. థర్మోకోల్ ముక్కకు నాలుగు రంధ్రాలు చేసి షాకులను నిలబెట్టి, పదిహేను నిమిషాలు కదిలించకుండా ఉంచండి. తర్వాత మళ్లీ అంచుదాకా పోసి, బ్లాడర్‌ను (క్యాపు కింద ఉండే రబ్బరు మూతను) ఒక పక్కనుంచి వాల్చుతూ పెడితే మిగిలిన గాలి రెండో పక్కనుంచి తప్పుకుంటుంది.

క్యాపు బిగించేటప్పుడు షాఫ్టు ఎక్కడుందన్నదే రీబౌండును, అంటే నొక్కి వదిలితే షాఫ్టు తిరిగొచ్చే బలాన్ని, తేలుస్తుంది. పూర్తిగా బయట ఉంచి బిగిస్తే నూనె ఎక్కువ చిక్కి, నొక్కి వదలగానే షాఫ్టు బలంగా తన్నుకొస్తుంది. సగం లోపలికి నెట్టి, పొంగిన నూనెను పోనిచ్చి బిగిస్తే రీబౌండు తగ్గుతుంది. దుమ్ము నేల మీద తక్కువ రీబౌండే నయం, టైరు నేలను వదలదు. షాఫ్టు చివరిదాకా పోకుండా మధ్యలో బిగుసుకుంటే నూనె ఎక్కువైనట్టు, క్యాపు తీసి కొంచెం వదలాలి. నొక్కేటప్పుడు లోపల చప్పరించిన చప్పుడు వస్తే గాలి ఉన్నట్టే, మళ్లీ మొదటికి. చివరగా వెర్నియర్‌తో పొడవు కొలవండి. ముందు జతలో కుడి, ఎడమలకు 0.1 మి.మీ. మించి తేడా వద్దు. వెనక జతా అంతే.

బైకు ఫోర్కు ఆయిల్ చవకగా దొరుకుతుంది కదా అని పోసేవాళ్లున్నారు. దయచేసి పోయకండి. అది పెట్రోలియం నూనె, సిలికాన్ ఓ-రింగులను ఉబ్బించి పాడుచేస్తుంది. సిలికాన్ నూనెలోనూ సీసా మీది 'వెయిట్' అంకెను నమ్ముకోవద్దు. ఒక కంపెనీ 35 వెయిట్, ఇంకో కంపెనీ 35 వెయిట్ ఒకటి కావు. సీఎస్‌టీ (సెంటీస్టోక్స్, నూనె చిక్కదనం కొలత) అంకె చూసి కొనండి.

ఆ సీఎస్‌టీ అంకె కూడా 25 డిగ్రీల దగ్గర కొలిచింది. మే నెల తిరుపతిలో మధ్యాహ్నానికి గాలే 40 దాటుతుంది, తారు నేల సంగతి చెప్పనక్కర్లేదు. సీసాలో 400 సీఎస్‌టీ ఉన్న సిలికాన్ నూనె 40 డిగ్రీల దగ్గర సుమారు 300లా, 50 దగ్గర సుమారు 250లా నడుస్తుంది. పొద్దున ఏడింటికి 350తో కుదురుగా తిరిగిన బండి ఒంటిగంటకు పడవలా ఊగడానికి కారణం ఇదే. మధ్యాహ్నం పరుగుకు 450, 500 నూనెతో ఇంకో జత షాకులు ముందే నింపి పెట్టుకోండి. చలికాలంలో లెక్క తిరగబడుతుంది: 15 డిగ్రీల దగ్గర అదే 400 నూనె సుమారు 490కి చిక్కబడుతుంది. బండిని కారు డిక్కీలోనో ఎండలోనో ఉంచితే వీటన్నిటికీ అర్థం పోతుంది, నీడలోనే ఉంచండి.

మన దగ్గర పార్కింగ్ సిమెంటు నేలలకు ఇంకో గొడవ ఉంది, పలకకూ పలకకూ మధ్య అతుకు. దాని మీదికి బండి వేగంగా ఎక్కినప్పుడు పిస్టన్ ఒక్కసారిగా కదలాలి. రంధ్రాలు సన్నగా ఉంటే నూనె దాటలేక షాకు కర్రలా బిగుసుకుంటుంది, టైరు ఎగురుతుంది. అలాంటి చోట పెద్ద రంధ్రాల పిస్టన్, చిక్కటి నూనె వేయండి. మలుపులో బండి నెమ్మదిగా వాలేటప్పుడు సన్న రంధ్రాలు-పలుచటి నూనె, పెద్ద రంధ్రాలు-చిక్కటి నూనె రెండూ దాదాపు ఒకలాగే ఆపుతాయి, తేడా అతుకు మీదే తెలుస్తుంది. నున్నటి కార్పెట్ మీద ఈ బాధ లేదు.

కొలతలకు చదునైన బల్ల తప్పనిసరి. ఇందుకు ఖరీదైన సెటప్ బోర్డు అక్కర్లేదు. చిత్తూరు, కుప్పం వైపు గ్రానైట్ పాలిష్ చేసే చోట 40 x 50 సెం.మీ. మిగులు ముక్క అడిగితే చాలు. స్టీలు స్కేలు అంచు నిలబెట్టి అడ్డంగా, నిలువుగా, మూలకు మూలకూ చూడండి. కింద వెలుతురు కనబడని ముక్కను తెచ్చుకోండి. 18 మి.మీ. మందంలో పది కిలోల దాకా ఉంటుంది, కదలదు.

దాని మీద వరస ఇది. మొదట పై డెక్కు స్క్రూలు సడలించి, ఛాసిస్‌ను రాయి మీద అరచేత్తో అదిమి, మళ్లీ బిగించండి. మెలిపడిన ఛాసిస్ మీద ఏం సర్దినా నిలవదు. యాంటీ రోల్ బార్ల (మలుపులో బండి పక్కకు వాలకుండా కుడి, ఎడమలను కలిపే కడ్డీలు) లింకులు విప్పేయండి. రైడ్ హైట్ (నేలకూ ఛాసిస్‌కూ మధ్య ఎత్తు) నున్నటి నేలకు 5.2 మి.మీ., సిమెంటుకు 5.5 నుంచి 6. తర్వాత డ్రూప్: ఛాసిస్‌ను పైకెత్తుతుంటే టైరు నేల వదిలేలోపు ఎంత లేచిందో చూడండి, 2 నుంచి 3 మి.మీ. దగ్గర మొదలుపెట్టొచ్చు. కుడి, ఎడమ సమానంగా ఉండాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. షాకు పొట్టిగా ఉండి, డ్రూప్ స్క్రూ తగలకముందే షాకే ఆర్మును (చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చెయ్యి) ఆపేస్తుంది. అప్పుడు స్క్రూ ఎంత తిప్పినా ఆర్ము కదలదు. షాకు కింది కొస ఊడదీసి ఆర్ము ఇంకా కిందికి దిగుతుందేమో చూస్తే తెలిసిపోతుంది.

ఆ పైన స్క్రూడ్రైవర్ మొనతో బండి ముక్కును సరిగ్గా మధ్యలో పట్టి ఎత్తండి. ముందు చక్రాలు రెండూ ఒకేసారి లేవాలి. కుడి చక్రం మొదట లేస్తే దాని మీద బరువు తక్కువ ఉందన్నమాట. ముందు కుడి కాలర్ (స్ప్రింగును నొక్కి ఉంచే మర రింగు) అర చుట్టు బిగించి, ముందు ఎడమది అర చుట్టు వదలండి, ఎత్తు మారదు. వెనకా ఇలాగే చూశాక బార్లు తగిలించి మళ్లీ ఎత్తి చూడండి. తగిలించగానే తేడా వస్తే లింకు పొడవులు సమానంగా లేవు.

క్యాంబర్ (చక్రం పైభాగం వాలు) నాలుగింటికీ లోపలికి 1.5 నుంచి 2 డిగ్రీలు, వెనక టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండటం) 3 డిగ్రీలు పెట్టి నేల మీదికి దించండి.

ఇప్పుడు స్ప్రింగుల మాట. మలుపు మధ్యలో ముక్కు తిరగక బయటికి పోతుంటే ముందు స్ప్రింగు ఒక మెట్టు మెత్తబరచండి. మలుపు దాటి యాక్సిలరేటర్ ఇస్తుండగా వెనక జారితే వెనక స్ప్రింగు మెత్తబరచండి, లేదా ముందు డ్రూప్ అర మి.మీ. పెంచండి. ముక్కు లేచిన కొద్దీ బరువు వెనక టైర్ల మీద పడుతుంది. యాక్సిలరేటర్ వదిలి మలుపులోకి దిగేటప్పుడు తోక విసిరితే వెనక డ్రూప్ తగ్గించండి. కార్పెట్ మీద బండి పల్టీ కొడితే పట్టు ఎక్కువైనట్టు. ఎత్తు, డ్రూప్ తగ్గించి గట్టి స్ప్రింగు వేయండి. దుమ్ము సిమెంటు మీద అంతా మెత్తగానే ఉంచాలి. వేడి నేలకు 36 అంకె ఉన్న రకం రబ్బరు టైర్లు. ఒకసారి ఒక్కటే మార్చి ఐదారు రౌండ్లు తిప్పండి, బాగుందనిపించినా పాతది పెట్టి ఇంకోసారి తిప్పి చూడండి. ఈలోగా నేల వేడెక్కిందో, టైరు పదునెక్కిందో అప్పుడు తేలుతుంది.

ఇంటికొచ్చాక షాఫ్టులు పొడిగుడ్డతో తుడవండి. మన ఎర్రమట్టి దుమ్ము నూనె చెమ్మకు అంటుకుని గరుకు కాగితంలా పనిచేస్తుంది. క్యాపు తీసినప్పుడు నూనె బూడిదరంగులో ఉంటే లోపల ఏదో అరుగుతున్నట్టు. షాఫ్టు మీద గోరుతో గీయండి. గోరు తట్టుకుంటే షాఫ్టునూ ఓ-రింగులనూ కలిపే మార్చండి, ఒక్క రింగు మారిస్తే గీత పడిన షాఫ్టు కొత్తదాన్నీ కోసేస్తుంది.