'ఇక్కడ చూడండి' అని రాసిందెవరో

పొద్దున కాఫీ చల్లారిపోయింది, నేను మాత్రం ఇంకా సెర్చ్ కన్సోల్‌లో (మన సైటు సంగతులు మనకి చూపించే గూగుల్ సాధనం), ఎవరెవరు మన సైటుకి లింకు ఇచ్చారో చెప్పే 'లింక్స్' రిపోర్టు ముందే కూర్చున్నా. నా పచ్చళ్ల సైటుకి 31 సైట్లు లింకులు ఇచ్చాయట!

సంబరం రెండు నిమిషాలే. ఒక్కొక్కటీ తెరిచి చూస్తే సగానికి పైగా చెత్త, నా జాడీ ఫొటో ఎత్తుకుపోయిన వాల్‌పేపర్ సైట్లు, ఏ భాషో కూడా తెలియనివి. ఒకప్పుడు గూగుల్‌లో లింక్ అని కొట్టి, కోలన్ పెట్టి, సైటు పేరు రాస్తే దానికి లింకు ఇచ్చిన పేజీలు కొన్నైనా కనిపించేవి. అది ఇక పనిచేయదని 2017లో వాళ్లే చెప్పేశారు. ఈ రిపోర్టు కూడా అన్నీ చూపించదు, చూపించినన్ని చూసుకోవడమే.

కానీ కింద ఎక్కడో, అమెరికాలో ఉండే ఒకావిడ వంటల సైటు. "ఆవకాయలో ఉప్పు, కారం, ఆవపిండి కొలతలు అచ్చం మా అమ్మ చెప్పినట్టే ఉన్నాయి, ఇక్కడ చూడండి" అని రాసి, 'ఇక్కడ' మీద నా లింకు పెట్టారు. అదీ 2021లో!

నొక్కాను. 404, అంటే 'ఆ పేజీ లేదు'.

పోయినేడాది సైటు సర్దుతున్నానంటూ అడ్రసులన్నీ మార్చేసింది నేనే కదా. అంటే అప్పట్నుంచీ ఆవిడ మాట నమ్మి వచ్చినవాళ్లంతా తాళం వేసిన గుమ్మం చూసి వెనక్కి పోయారన్నమాట, పైగా ఎండాకాలం, సరిగ్గా ఆవకాయ పెట్టే రోజుల్లో కూడా. పాత అడ్రసుకి వచ్చినవాళ్లని దానంతటదే కొత్తదానికి పంపే 301 రీడైరెక్ట్ పెట్టాకే కాఫీ మళ్లీ వేడి చేసుకున్నా.

ఆవిడకి మెయిల్ రాద్దామని కూర్చున్నా. ఇన్నేళ్ల తర్వాత "మీ లింకు ఇవాళే చూశానండీ" అని ఎలా మొదలుపెట్టాలో తోచట్లేదు.