సాగే లీష్ కొని పిక్క కాల్చుకున్నా

మా చింటూగాడు బీగిల్ జాతి కుక్క, 13 కిలోలు. ముక్కు నేలకి ఆనించాడంటే ఇక మన మాట వాడి చెవికెక్కదు. మామూలు లీష్‌తో, అంటే కుక్కని పట్టుకుని నడిపించే తాడుతో, రోజూ చెట్టు చెట్టుకీ నన్ను ఈడుస్తున్నాడని, మేస్త్రీ టేపులాగా లాగితే వచ్చి వదిలితే లోపలికి చుట్టుకుపోయే రిట్రాక్టబుల్ లీష్ కొన్నా. ఐదు మీటర్లది, సన్న తాడు రకం, చవక. అట్టపెట్టె మీద 12 కిలోల వరకే అని ఉంది, ఒక్క కిలోకి ఏమవుతుందిలే అనుకున్నా.

మూడో రోజు పొద్దున మా వీధి మలుపులో కుక్కల గుంపు ఎదురైంది. వీడు నా వెనకనుంచి తిరిగి ఒక్క ఉదుటున పరిగెత్తాడు, నేనేమో నిక్కర్లో ఉన్నా, తాడు పిక్క మీద రాసుకుంటూ పోతుంటే వాత పెట్టినట్టు చర్రుమంది. తాడుని ఆపడానికి పిడి మీదుండే బ్రేకు బటన్ సంగతే గుర్తు రాలేదు. కంగారులో తాడుని చేత్తో పట్టుకోబోయా, అందలేదు కాబట్టి సరిపోయింది, అలా పట్టుకుని వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఇంతలో పిడి జారిపోయింది. ఆ ప్లాస్టిక్ పిడి టకటకమంటూ వెంటపడుతుంటే వాడు ఇంకా బెదిరి ఉరికాడు, చివరికి వాచ్‌మన్ అన్న పట్టుకున్నాడు.

రెండోసారి కొనేటప్పుడు షాపులోనే మొత్తం బయటికి లాగించి చూశా. కొన్నింట్లో కొక్కెం దగ్గర జానెడు మాత్రమే పట్టీ, మిగతాదంతా తాడే. నేను తీసుకున్నది పూర్తిగా వెడల్పాటి పట్టీ, 25 కిలోలు ఆపేది. బటన్ పదిసార్లు నొక్కి చూస్తే షాపతను విసుక్కున్నాడు, విసుక్కోనీ. మెడకి బెల్టు బదులు ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్ కూడా తీసుకున్నా, ఎందుకంటే పరిగెత్తుతూ పట్టీ చివరికొచ్చి ఆగినప్పుడు ఆ కుదుపంతా మెడ మీదే పడుతుంది. తర్వాత వారం రోజులు టెర్రస్ మీద నొక్కడం, లాక్ చేయడం, వదలడం, చూడకుండానే వేలు వెళ్లేదాకా.

ఇప్పుడు రోడ్డు మీద మీటరున్నర దగ్గర లాక్. లిఫ్టులోకైతే ఇంకా పొట్టిగా, వాడు బయట ఉండగా తలుపు మూసుకుంటే అంతే సంగతులు. ఐదు మీటర్లూ వదిలేది మనుషుల్లేని ఖాళీ మైదానంలోనే. వానలో తడిస్తే రాత్రంతా బయటికి లాగి ఆరబెడతా, లేకపోతే లోపల కంపు. ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు, స్ప్రింగు ఎప్పుడూ కాస్త లాగుతూనే ఉంటుంది కాబట్టి, లాగితేనే ముందుకెళ్లొచ్చని వీడు నేర్చేసుకున్నాడు. అందుకే చికెన్ షాపు దారిలో ఇప్పటికీ పాత మామూలు లీషే.