పట్టీ పట్టనట్టు

మా పెదనాన్న పోయాక ఆయన కారు నాకొచ్చింది. 1972 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. మా కుటుంబంలో అందరికంటే ముందు ఈ దేశానికి వచ్చినవారు ఆయనే, వచ్చిన కొత్తలో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న బండి ఇది, ఆ తర్వాత ఎన్ని కార్లు మార్చినా దీన్ని మాత్రం అమ్మలేదు. చివరి పదకొండేళ్లూ గరాజ్‌లో కవరు కింద అలాగే ఉండిపోయింది. డ్యాష్‌బోర్డు అరలో ఒక నోటుపుస్తకం దొరికింది. ఏ పని ఎప్పుడు చేశారో, ఏ నట్టుకి ఏ సైజు రెంచి పట్టిందో, అంతా తెలుగులో, గొలుసుకట్టు రాతలో.

మా బాబుకి పదమూడు, పాపకి తొమ్మిది. ఇద్దరికీ తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. బయటి దేశాల్లో పిల్లల్ని పెంచుతున్నవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కారు పని మొదలుపెట్టినప్పుడు నా మనసులో భాష సంగతే లేదు. పెదనాన్న బండిని తుక్కుకి వేయడానికి ప్రాణం ఒప్పలేదు, అంతే.

ఏళ్ల తరబడి ఆగిపోయిన బండి కనపడగానే తాళం తిప్పకూడదట. ట్యాంకులో మిగిలిన పెట్రోలు వార్నిష్ వాసన కొడుతుంటే దాన్నంతా తోడేశాం. ఇంజను దగ్గరి పెట్రోలు గొట్టాలు వంచి చూస్తే పగుళ్లు విచ్చుకున్నాయి. ఈ బండ్లలో ఇంజను పెట్టెని మెగ్నీషియం మిశ్రమంతో చేశారు, అంటుకుందంటే ఆర్పడం చాలా కష్టం, అందుకే మిగతావన్నీ ఆగినా సరే గొట్టాలు ముందు మార్చాల్సిందేనని నేనంటాను. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్లో కొంచెం ఆయిలు పోసి, రెండు రోజులు వదిలేసి, పుల్లీ నట్టుకి రెంచి తగిలించి నెమ్మదిగా చేత్తో తిప్పితే, ఇంజను కదిలింది. ముగ్గురం ఒకేసారి అరిచాం.

పిల్లలకి ఈ కారులో అన్నీ వింతే. ఇంజను వెనక, సామాన్లు ముందు, బ్యాటరీ వెనక సీటు కింద. రేడియేటరే లేదు, గాలితో చల్లబడుతుంది. అద్దం కడిగే నీళ్లు చిమ్మడానికి మోటారు కూడా లేదు, స్టెప్నీ టైరులో ఉన్న గాలే ఆ నీళ్లని నెడుతుంది. పాప ఆ సన్న గొట్టాన్ని టైరు నుంచి నీళ్ల డబ్బా దాకా వేలితో తడుముకుంటూ వెళ్లి, నమ్మకం కుదరక మళ్లీ వెనక్కి వచ్చింది. 1972 ఫిబ్రవరి 17న 1,50,07,034వ బీటిల్ తయారై అత్యధికంగా తయారైన కారుగా ఫోర్డ్ మోడల్ టీకున్న రికార్డు దాటిందని బాబు ఎక్కడో చదివాడు, మనది దానికి ముందుదా తర్వాతదా అని ఛాసీ నంబరు పట్టుకుని ఒక సాయంత్రమంతా కూర్చున్నాడు.

ఆయిలు మార్చిన రోజు మాత్రం బాగా జరగలేదు. ఈ ఇంజనుకి ఆయిల్ ఫిల్టరు ఉండదు, అడుగున ఒక జల్లెడ ఉంటుంది, దాన్ని మూసే గుండ్రటి రేకు చుట్టూ ఆరు చిన్న నట్లు. వాటిని బిగించేటప్పుడు బలం చూపకూడదు, మెత్తటి లోహంలో దిగిన స్టడ్లు, అంటే ఆ నట్లు ఎక్కే మరల కడ్డీలు, పట్టు వదిలేస్తాయి. చెప్పాను. బాబు ఇంకొక్క చుట్టు అనుకుని లాగాడు, స్టడ్ మరలతో సహా ఊడి చేతికొచ్చింది. ఎన్నిసార్లు చెప్పాలిరా, చెవికెక్కదా అని గట్టిగా అరిచేశాను. వాడు రెంచి కింద పెట్టి, ఇంగ్లీషులో, చాలా మామూలుగా అన్నాడు: అమ్మా, నువ్వు తెలుగులోకి మారావంటే నేనేదో తప్పు చేశానని నాకు ముందే తెలిసిపోతుంది. అని లోపలికి వెళ్లిపోయాడు.

చేతులకి ఆయిలుతో అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఆ రాత్రి నిద్రపట్టక లెక్క చూసుకున్నాను. నేను పిల్లలతో తెలుగులో అనే మాటలేంటి? లే. తిను. పళ్లు తోముకో. ఫోను పక్కన పెట్టు. ఇంకా పడుకోలేదా. వాడి స్నేహితుల కబుర్లు, వాడికి నవ్వొచ్చే సంగతులు, ఆకాశం నీలంగా ఎందుకుందన్న ప్రశ్న, అన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి, తొందరగా అయిపోతుందని. వారం వారం క్లాసుకి పంపి గుణింతాలు దిద్దించాను కానీ ఇంట్లో మాత్రం తెలుగుని ఆజ్ఞలకీ తిట్లకీ మిగిల్చింది నేనే.

మర్నాడు వాడికి సారీ చెప్పాను, తెలుగులో. ఆ భాషలో వాడికి నేను సారీ చెప్పడం అదే మొదటిసారేమో, వాడు కాసేపు నా మొహమే చూశాడు. తర్వాతి శనివారం పాడైన చోట కొత్తగా మరలు కోసి, వాటిలో కూర్చునే హెలికాయిల్ అనే ఉక్కు తీగచుట్ట వేయించాను, వాడి చేత్తోనే.

అప్పట్నుంచి నోటుపుస్తకం ముగ్గురం కలిసి చదువుతున్నాం. గొలుసుకట్టు నాకే ఒక్కోసారి అందదు, పాప అక్షరం అక్షరం విడదీస్తుంది, నేను మాట కడతాను. వాల్వుల పేజీలో ఇలా ఉంది: "ఇంజను పూర్తిగా చల్లారాకే. సందు 0.15. రేకు పట్టీ పట్టనట్టు జారాలి. వదులైతే చప్పుడు చేస్తుంది, బిగుతైతే కాలిపోతుంది."

పట్టీ పట్టనట్టు అంటే ఏంటని పాప అడిగింది. మనం చెప్పేది సగమే వింటూ, తనకేం సంబంధం లేనట్టు ఉండటం, అన్నాను. ఇనప రేకు అలా ఎలా ఉంటుంది, అంది. నిజమే కదా. సందులు కొలిచే సన్న రేకుల కట్ట, ఫీలర్ గేజ్‌లో 0.15 మిల్లీమీటర్ల రేకు తీసి పాప వేళ్లకిచ్చి, వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య దూర్చమన్నాను. మొదట దూరలేదు. స్క్రూ కొంచెం వదిలాను, ఈసారి గాలిలో ఆడినట్టు ఆడింది. మళ్లీ పిసరంత బిగించాను. రేకు జారుతోంది, కానీ ఎక్కడో సన్నగా వేలికి తగులుతోంది, పట్టుకుందా అంటే పట్టుకుంది, లేదా అంటే లేదు. పాప కళ్లు పెద్దవయ్యాయి. నేను చిన్నప్పట్నుంచి వాడుతున్న మాటే, దాని లోపల నిజంగా ఒక పట్టు ఉందని నాకూ ఆ క్షణం దాకా తట్టలేదు. మిగతా ఏడు వాల్వులూ అదే చూసింది, ఒక్కోదానికీ "పట్టింది", "పట్టలేదు", "ఆఁ, ఇప్పుడు పట్టీ పట్టనట్టు" అని పైకి చెబుతూ. తర్వాత అన్నయ్య హోంవర్క్ చేసే తీరుకి కూడా ఆ మాటే వాడింది, సరిగ్గా అతికింది.

మొన్న ఆదివారం ఇంజను స్టార్టయింది. రెండు నిమిషాలు పొగ, తర్వాత నిలకడగా ఆడింది. ఒక వాల్వు టకటకమంటుంటే నాకు టెన్షన్ మొదలైంది. "కొంచెం వదులు అమ్మా, ఫర్వాలేదు, కాలదు" అంది పాప.

ఇంక బ్రేకులు. పాత బ్రేకు దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అందుకని మాస్కులు తెచ్చాను, ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. వెనక చక్రం మధ్యలో 36 మిల్లీమీటర్ల నట్టు, దాన్ని కదపాలంటే నా ఒక్కదాని బలం చాలదు, రెంచికి పొడుగు పైపు తొడగాలి. నట్టు వదులవకుండా ఆపే కాటర్ పిన్ను తీసేది పాప, పైపుని తొక్కేది బాబు. "నువ్వు లోపల కూర్చుని హ్యాండ్ బ్రేకు లాగి పట్టుకో అమ్మా, మేం చెప్పేదాకా వదలకు" అని నాకు ఆర్డరు.