స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ట్యూనింగ్: ఆటోనగర్‌లో నా అనుభవం

నా ఎయిర్ రైఫిల్ నిన్న రాత్రితో నోరు మూసుకుంది. డయానా 35 అనే జర్మన్ మోడల్ తరహాలో మన దేశంలోనే చేసిన పాత బ్రేక్ బ్యారెల్ (గొట్టం మడిచి స్ప్రింగ్ నొక్కే రకం), .177 బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు 4.5 మి.మీ. ఇన్నాళ్లూ ట్రిగ్గర్ నొక్కితే పెల్లెట్ పోయిన చప్పుడు కంటే లోపల స్ప్రింగ్ ‘టంయ్‌య్’మని మోగే చప్పుడే ఎక్కువ వినిపించేది. చెంపకి ఆనించిన స్టాకు (రైఫిల్ పిడి) జివ్వుమనేది. ఇప్పుడు ఒక్క ‘టప్’, అంతే.

ముందు దీన్ని అమ్మిన షాపుకే తీసుకెళ్లాను. అక్కడాయన స్టాకు కూడా విప్పకుండా, బ్యారెల్ మడిచి, గాలి వచ్చే కంతలో ఏదో నూనె నాలుగు చుక్కలు వేసి ‘సర్వీసింగ్ అయిపోయింది సార్’ అని డబ్బులు తీసుకున్నాడు. తర్వాత కాలిస్తే నిజం తుపాకీ పేలినంత శబ్దం, గొట్టం లోంచి పొగ! స్ప్రింగ్ తోసిన పిస్టన్ దూసుకొచ్చి గాలిని నొక్కేసరికి ఆ వేడికి నూనె అంటుకుంటుంది. డీజిల్ ఇంజిన్ నడిచేదీ ఇలాగే. మన రైఫిల్లో మాత్రం పిస్టన్ పక్కల గాలి పోకుండా ఆపే సీలూ, స్ప్రింగూ పాడవుతాయి. ఫోన్ చేసి అడిగితే ‘పవర్ పెరిగింది కద్సార్’ అన్నాడు. వీళ్లకి పవర్ తప్ప ఇంకో మాట రాదు. పిస్టన్ ముందు భాగంలో పెట్రోలియం నూనె పొయ్యనివ్వకండి, ఎవరెంత చెప్పినా సరే.

ఇక నేనే విప్పాను. స్ప్రింగ్ లోపల నొక్కిపెట్టి ఉంటుంది కాబట్టి ఉత్త చేతుల్తో పిన్ను లాగితే వెనక భాగం ఎగిరి ముఖాన తగులుతుంది. వడ్రంగి దగ్గర పొడవాటి బార్ క్లాంపు అడిగి తెచ్చుకుని మెల్లగా వదిలాను. పాత గ్రీజు కడగడం, సిలిండర్ గాడి అంచుల్లో బరుకు ఎమరీ కాగితంతో తీయడం, కొత్త సీలు వేయడం మామూలు పనులే.

అసలు దోషి గైడు. స్ప్రింగ్ లోపల నిలబడే గొట్టం ఇది. నా దాంట్లో రేకు చుట్టి చేశారు. స్ప్రింగ్ లోపలి వ్యాసం 14 మి.మీ. పైచిలుకు, గైడు 13 కూడా లేదు. ఆ ఖాళీలోనే స్ప్రింగ్ వణుకుతుంది. డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ రాడ్ ముక్క కొని, కొలతలతో బొమ్మ గీసుకుని, స్ప్రింగ్ సంచిలో వేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లాను.

మొదట వెళ్లిన పెద్ద వర్క్‌షాపులో ‘ఎందులోకి సార్ ఇది?’ అన్నారు. ఎయిర్ గన్‌లోకి అన్నాను. లేత్‌లు ఆగిపోయాయి. ఓనరు వచ్చి ఆధార్ అడిగి ఫోటో తీసుకున్నాడు. గన్ను ఇంట్లో ఉంది, నా చేతిలో ఉన్నది స్ప్రింగూ ప్లాస్టిక్ రాడ్డూ. 2016 ఆయుధాల నిబంధనల్లో .177 బోరు, 20 జౌళ్ల లోపు ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదని చెప్పాను. ఎనిమిది గ్రెయిన్ల (అర గ్రాము) పెల్లెట్ సెకనుకి 180 మీటర్ల వేగంతో పోతే ఎనిమిది జౌళ్ల చిల్లరే అని లెక్క కూడా వేసి చూపించాను. ‘రూల్సు మాకు చెప్పకు. ఉండు, కానిస్టేబుల్‌ని పిలుస్తా’ అని స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పిన లెక్చరర్ని! ఒక కుర్రాడు చేతిని తుపాకీలా పెట్టి ‘ఢిష్యూం’ అన్నాడు, అందరూ నవ్వారు. టీలు వచ్చాయి, వాళ్లు తాగారు. కానిస్టేబుల్ రాలేదు. అసలు పిలిచాడో లేదో కూడా తెలీదు. చివరికి ‘పోండి మాస్టారూ, ఈ వయసులో ఇవన్నీ ఎందుకు’ అని పంపించాడు. అంత చిన్నతనం ఎప్పుడూ పడలేదు. ఆ వీధిలో తర్వాతి షాపులకి నా కథ నాకంటే ముందే చేరింది.

వెనక సందులో ఒక్క లేత్ పెట్టుకున్న మేస్త్రిగారు మాత్రం ఏమీ అడక్కుండా కొలవడానికి వెర్నియర్ తీశారు. పని చిన్నదేం కాదు. పిస్టన్ కడ్డీ గైడు లోపలికి దూరాలి కాబట్టి మధ్యలో బోరింగ్ చెయ్యాలి, అప్పుడు గోడ రెండు మి.మీ. మిగులుతుంది. ఉలి గట్టిగా తగిలితే డెల్రిన్ వేడెక్కి వంకర పోతుంది. ఆయన కొంచెం కొంచెం చెక్కి, చల్లారనిచ్చి, మళ్లీ చెక్కారు. కొలత దగ్గర మాత్రం పేచీ వచ్చింది. ‘ఇంత టైటు పెడితే ఇరుక్కుంటుంది బాబూ’ అన్నారు. స్ప్రింగ్ నొక్కుకున్నప్పుడు దాని చుట్లు కొద్దిగా వెడల్పవుతాయి, ఇరుక్కోదు అన్నాను. అక్కడే స్ప్రింగ్ నొక్కి వెర్నియర్ పెట్టి చూసి, ‘నిజమే’ అన్నారు. ఇన్నేళ్ల నా పాఠాల్లో నేను బాగా చెప్పింది అదే అనుకుంటా. చేత్తో తిప్పుతూ ఎక్కిస్తే ఎక్కాలి, ఊపితే ఊడిపోకూడదు, అదీ కొలత.

పిస్టన్ పక్కలకి మాలీ పేస్టు (మాలిబ్డినం కలిసిన గ్రీజు) పల్చగా, స్ప్రింగ్‌కి చిక్కటి గ్రీజు కొంచెం రాసి బిగించాను. వేగం పెరగలేదు, కానీ పది మీటర్ల దూరంలో అయిదు పెల్లెట్లూ రూపాయి బిళ్ల కింద దాగుతున్నాయి. అంతకుముందు అగ్గిపెట్టెంత మేర చెదిరిపోయేవి. ఈ రైఫిల్‌ని గట్టిగా అదిమి పట్టకండి, ముందు చెయ్యి వదులుగా ఆనించి దాని మానాన దాన్ని కదలనివ్వండి.

చూసినవాళ్లంతా ‘పిట్టలు కొట్టచ్చా?’ అని అడుగుతున్నారు. కొట్టకూడదు. 1972 వన్యప్రాణి చట్టం ఒకటుంది, అది లేకపోయినా సిగ్గుండాలి.

నా గైడు కొలతలు పంపమని అడగకండి, మీ స్ప్రింగ్ వేరు, మీరే కొలుచుకోండి. మేస్త్రిగారి షాపు ఎక్కడో కూడా చెప్పను. ఇంకెవర్నీ పంపనని మాటిస్తేనే ఆయన లేత్ స్విచ్చి వేశారు.