మంచు పడితే ముందు నీళ్లు చూడు, అల్లుడా

మా అక్క కొడుకు మలక్‌పేట రేస్‌కోర్సులో రైడర్. ఈ చలికాలం ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్‌కు పనికి పోతున్నాడు. నేను అక్కడ కొన్నేళ్లు పనిచేసి పరకాలకు తిరిగొచ్చినవాణ్ణి. అందుకే రోజూ ఫోన్: "మామా, అంత మంచులో గుర్రాలు బతుకుతాయా?" వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తుందని.

గుర్రం చలికి తట్టుకుంటుంది. దాని ప్రాణం మీదికి తెచ్చేది నీళ్లు తగ్గడం.

2018 ఫిబ్రవరి ఆఖర్లో సైబీరియా వైపు నుంచి చలిగాలి బ్రిటన్ మీద పడింది. అక్కడి పేపర్లు బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్ అని రాశాయి. రేసులు వరుసగా రద్దయ్యాయి. మా యార్డులో, అంటే గుర్రాలుండే లాయంలో, పైపులు గడ్డకట్టాయి. పొద్దున చూస్తే బకెట్ల మీద మందంగా ఐసు. రేసు గుర్రం రోజుకు 25 నుంచి 50 లీటర్ల దాకా తాగుతుంది. నీళ్లు మరీ చల్లగా ఉంటే మూతి పెట్టి వదిలేస్తుంది. ఎండుగడ్డి మాత్రం తింటూనే ఉంటుంది. ఆ గడ్డి పేగులో ఎండి అడ్డం పడితే కడుపునొప్పి మొదలవుతుంది. గుర్రం వాంతి కూడా చేసుకోలేదు. అందుకే వేడినీళ్లు మోసి ప్రతి బకెట్‌లో కలిపేవాళ్లం. లద్దె తగ్గిందా, గట్టిగా వస్తోందా అని ప్రతి గదిలో చూసేవాళ్లం. మా అమ్మ చలికాలంలో బర్రెకు గోరువెచ్చగా కుడితి పెట్టేది. అక్కడ గోధుమ పొట్టు నానబెట్టి, చిటికెడు ఉప్పేసి పెడతారు, అంతే తేడా.

ఇక దాణా. పరుగు లేని రోజు ఓట్స్ తగ్గించాలి, గడ్డి పెంచాలి. గడ్డి పేగులో పులిసేటప్పుడే ఒంట్లో వేడి పుడుతుంది. పని లేకుండా ఓట్స్ మేపి మళ్లీ ఒక్కసారిగా పరుగెత్తిస్తే వెనక కండరాలు రాయిలా బిగుసుకుంటాయి, చెమట పడుతుంది, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. అలా కనబడితే ఒక్క అడుగు కూడా నడిపించొద్దు, డాక్టర్‌ను పిలవాలి.

కొత్తగా పోయిన మనవాళ్లు చలి అని తలుపులన్నీ మూసేస్తారు. అది మంచిది కాదు. మూత్రం ఘాటు లోపలే నిలిచి గుర్రం దగ్గుతుంది. లాయం తలుపు రెండు ముక్కలుగా ఉంటుంది, పై ముక్క తెరిచే ఉంచి, దుప్పటి ఇంకొకటి కప్పాలి. దుప్పటి కింద చెయ్యి పెట్టి చూడాలి, తడి తగిలితే మార్చాలి. రేసు గుర్రాలకు బొచ్చు కత్తిరిస్తారు కాబట్టి ఇది మరీ ముఖ్యం.

బయటికి తీసేటప్పుడు డెక్క కింద వాజిలిన్ దట్టంగా రాయాలి. లేకుంటే లాడం మధ్యలో మంచు ఉండలా గట్టిపడి, గుర్రం దాని మీద నిలబడి జారుతుంది. నడిచే దారి మీద ఉప్పూ ఇసుకా చల్లేవాళ్లం. అదీ చాలనప్పుడు పెంటకుప్పలోని పాత గడ్డి తెచ్చి యార్డులో గుండ్రంగా పరిచి, దాని మీదే ట్రాట్ (నెమ్మది దౌడు) చేయించేవాళ్లం. గంటలు గంటలు గదిలో నిలబడ్డ గుర్రానికి ఆ కాస్త తిరుగుడు ఎంత హాయో దాని చెవులు చూస్తే తెలిసేది. గుర్రాలను పరుగెత్తించి సాధన చేయించే పచ్చిక మైదానాలు, గ్యాలప్స్ అంటారు, మంచు కింద పనికిరావు. ఇసుక, నారలకు మైనం పట్టించిన ట్రాకులు మాత్రం తొందరగా గడ్డకట్టవు. వాటిని కూడా రాత్రంతా ట్రాక్టర్‌తో కదుపుతూనే ఉంటారు. ఆ డ్రైవర్ల కష్టం ఎవరూ చెప్పుకోరు, నాకు మాత్రం వాళ్లంటే చాలా గౌరవం.

మంచు కరిగిన రోజు అందరికీ తొందరే, రేసులు ముందున్నాయని. అల్లుడా, ఆ రోజు నడక, మెల్లగా ట్రాట్, అంతే. ఓట్స్ కూడా రోజుకింత చొప్పున పెంచు. హెడ్ లాడ్ (లాయంలో పనివాళ్ల మీద పెద్ద) ఇంకోలా చెబితే గుర్రం ఎలా ఉందో మర్యాదగా చెప్పు, వింటారు.